కుండీలో మిరప, అలమరలో విషం

డాక్టరు మందుల సంగతి చెప్పాలిగాని మిరపనారు సంగతి చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. అనిపిస్తే తప్పు లేదు. ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన నాకు మిరపమొక్కను చూసి రాలేదు. మిరపమొక్క మూలంగా ఆసుపత్రికి వచ్చిన ఒక పిల్లవాణ్ణి చూసి వచ్చింది. ఆ పిల్లవాడి సంగతి కాస్త ఆగి చెబుతాను. ముందు ఆ మొక్క మన ఇంట్లో ఉండవలసినదో కాదో తేల్చుకుందాం.

కర్నూలు, కడప జిల్లాల్లో కారం లేని ఇల్లు ఉండదు. రాగిసంగటిలోకి ఊరుబిండి కావాలి. ఉగ్గాని చేస్తే పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలి. కడపలో దోసె మీద ఎర్రకారం పూయకపోతే అది దోసె కిందే లెక్క కాదు. ఇంతగా తినే మనం దాన్ని కొనుక్కునే తింటున్నాం. మేడ మీద నాలుగు కుండీలు పెట్టే చోటున్న ఇళ్ళలో కూడా రోజూ బజారు నుంచి పావుకిలో పచ్చిమిరపకాయలు రావలసిందే.

ఈ మధ్య కొంత మార్పు కనిపిస్తోంది. ఉద్యోగస్తుల ఇళ్ళలో మేడ మీద కుండీలు వెలుస్తున్నాయి. చాలా సంతోషం. ఆ కుండీలతోపాటు ఇంట్లోకి ఇంకేమేమి వస్తున్నాయో కూడా చూసుకుంటే ఇంకా సంతోషం.

పచ్చిమిరపకాయలో ఏముంది?

మిరపకాయ మన దేశపు పంట కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వారి ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన పెద్దలు మిరియాలతోనే కారం తిన్నారు. వచ్చిన కాయ మిరియాలను వెనక్కి నెట్టి వంటింటిని ఆక్రమించింది.

ఈ కాయకు వైద్యశాస్త్రంలో పెద్ద గౌరవమే ఉంది. హంగరీ దేశంలో సెగెడ్ అనే ఊరు మిరపపంటకు ప్రసిద్ధి. ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ అనే శాస్త్రజ్ఞుడు ఆ ఊళ్ళో పనిచేస్తూ, అక్కడి మిరపకాయల నుంచే విటమిన్ సి ని పెద్దమొత్తంలో వేరుచేశాడు. 1937లో ఆయనకు నోబెల్ బహుమానం ఇచ్చారు. వంద గ్రాముల పచ్చిమిరపకాయల్లో దాదాపు వంద మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. అదే బరువు నిమ్మకాయలో ఇంతకన్న బాగా తక్కువ ఉంటుంది.

ఈ మాట చెప్పగానే ఒక పెద్దమనిషి, "అయితే రోజుకు వంద గ్రాములు తింటే సరిపోతుంది కదా సార్!" అన్నారు. వంద గ్రాములు తింటే మర్నాడు ఆయన నా దగ్గరికే వస్తారు. మనం తినేది పూటకు రెండు మూడు కాయలు. వాటి నుంచి దొరికేది పది, పదిహేను మిల్లీగ్రాములు. ఉడికిస్తే, వేయిస్తే అందులోనూ చాలాభాగం పోతుంది. కాబట్టి మిరపకాయ మందు కాదు. కాని దానికి నిమ్మరసమో, టమోటానో, ఉసిరికాయో తోడైతే మాత్రం ఒక మంచి పని జరుగుతుంది.

ఏమిటా పని? మన ఆడవాళ్ళ రక్తహీనత. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువని తేలింది. రాగుల్లో, ఆకుకూరల్లో, పప్పుల్లో ఇనుము లేక కాదు, ఉన్న ఇనుము ఒంటికి పట్టక. గింజల్లో, ఆకుల్లో ఉండే ఇనుమును మన పేగు చాలా కొద్దిగానే పీల్చుకుంటుంది. అదే ముద్దలో విటమిన్ సి ఉంటే ఇనుము తేలికగా కరిగే రూపంలోకి మారి ఎక్కువ పాలు లోపలికి పోతుంది. సంగటిలోకి పచ్చిమిరపకాయ, టమోటా నూరిన ఊరుబిండి తినడం మన పెద్దలు రుచికోసం చేసిన ఏర్పాటే కావచ్చు. శాస్త్రం కూడా దాన్నే ఒప్పుకుంటోంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఈ లాభం పోతుంది. టీకి, భోజనానికి మధ్య గంటయినా ఎడం పెట్టండి.

కుండీలకు, రక్తహీనతకు ఇంకో సంబంధం కూడా నేను చూశాను. ఒక తల్లి మూడేళ్ళ పాపను తీసుకొచ్చి, "మిరపచెట్టు కుండీలో మన్ను తవ్వి తింటా ఉంది సార్, కొట్టినా మానదు" అంది. పాప కళ్ళ కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు గ్రాములు కూడా లేదు. రక్తం తక్కువైన పిల్లలకు, గర్భిణీలకు మన్ను, బలపాలు, బియ్యం తినాలనిపించడం ఒక జబ్బు లక్షణం, అది వాళ్ళ పొగరు కాదు. ఇనుము మందు, నులిపురుగుల మాత్ర ఇచ్చాం. కొన్ని వారాలకు పాప మన్ను జోలికి పోవడం మానింది. మీ పిల్ల కుండీ దగ్గర చేరి మన్ను నోట్లో పెట్టుకుంటూ ఉంటే కొట్టకండి, రక్తపరీక్ష చేయించండి.

మిరపకాయ వల్ల కడుపులో పుండు పుడుతుందా అని చాలామంది అడుగుతారు. పుట్టదు. కడుపులో పుళ్ళకు ముఖ్యకారణం హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి. ఆ సంగతి కనిపెట్టిన ఇద్దరు ఆస్ట్రేలియా వైద్యులకు 2005లో నోబెల్ బహుమానం వచ్చింది. నొప్పి మాత్రలు అయినదానికీ కానిదానికీ మింగడం రెండో కారణం. అయితే ఉన్న పుండు మీద కారం పడితే మంటే. ఆసనం దగ్గర చీలిక ఉన్నవారికీ అంతే. అలాంటివారు నయమయ్యేదాకా కారం తగ్గించుకోవాలి.

విత్తనం ఎక్కడిది?

ఇప్పుడు నారు సంగతి. విత్తనం కోసం మీరు కొట్టుకు పోనక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఎండుమిరపకాయల్లోంచి బాగా పండి ఎర్రగా ఎండిన కాయ ఒకటి తీసి విదిలిస్తే మీ ఇంటికి సరిపడా గింజలు రాలుతాయి. వేయించినవి, ఏళ్ళ తరబడి డబ్బాలో ఉన్నవి పనికిరావు. గింజ రెండేళ్ళు దాటితే మొలకెత్తే శక్తి బాగా తగ్గిపోతుంది.

ఒక చిక్కుంది. బజారులో అమ్మే కాయ సంకరజాతిదైతే, దాని గింజ నుంచి వచ్చే మొక్క తల్లిలాగే కాస్తుందని నమ్మకం లేదు. ఒకటి పొడుగు కాయ, ఒకటి పొట్టి కాయ, ఒకటి వట్టి ఆకు. ఇంటికి దానితో నష్టం లేదు. ఒకే తీరుగా కాయాలంటే నాటురకం గింజగాని, గుంటూరు దగ్గర లాం పరిశోధనా కేంద్రం విడుదల చేసిన జి-4 వంటి సూటిరకం గింజగాని సంపాదించండి. జి-4కు భాగ్యలక్ష్మి అని మంచి పేరు కూడా పెట్టారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ముడతలు పడిన బ్యాడిగి రకం పండిస్తారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. పిల్లలున్న ఇంటికి అది బాగుంటుంది.

కొట్లో పొట్లం కొంటే గింజలు గులాబిరంగులోనో, నీలంరంగులోనో, ఆకుపచ్చగానో ఉంటాయి. పిల్లలు పంచదార మిఠాయి అనుకునేలా ఉంటాయి. అది రంగు మాత్రమే కాదు. బూజు పట్టకుండా తైరం, కాప్టాన్ వంటి మందులు పట్టించిన గింజలు అవి. తినడానికి పనికిరావని తెలియడానికే ఆ రంగు వేస్తారు. పొట్లం మీద ఆ హెచ్చరిక ఉంటుంది, చిన్న అక్షరాల్లో. ఆ గింజలు చేత్తో తాకితే సబ్బుతో కడుక్కోండి. మిగిలినవి పోపులపెట్టెలో పెట్టకండి. నవ్వకండి, ఒక ఇంట్లో ఆవాల డబ్బా పక్కన గులాబిరంగు గింజల పొట్లాన్ని నేను కళ్ళారా చూశాను.

ఎండుకాయ చీల్చి గింజలు తీసేటప్పుడు గాలికి ఎదురుగా కూర్చోవద్దు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ పని ఇంకొకరికి వదిలెయ్యాలి. చాలామంది కారమంతా గింజలో ఉందనుకుంటారు. నిజానికి అది గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లని ఈనెలో ఉంటుంది. ఆ కారపు పదార్థం పేరు క్యాప్సైసిన్. అది నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే చెయ్యి మండితే కుండెడు నీళ్ళు పోసుకున్నా తగ్గదు. కాస్త వంటనూనె రాసి, తుడిచి, ఆపైన సబ్బుతో కడగండి. నోరు మండితే నీళ్ళకన్న పెరుగు మేలు. కంట్లో పడితే మాత్రం నూనె, పాలు ఏమీ వద్దు. మంచినీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, మంట తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

మన నాలుక మీద, చర్మం మీద వేడిని కనిపెట్టే ద్వారాలు కొన్ని ఉన్నాయి. దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే అవి తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపుతాయి. క్యాప్సైసిన్ తగిలినా అవే తెరుచుకుంటాయి. ఈ కిటుకు కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్ అనే ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. మే నెల కర్నూలు ఎండా ఇంచుమించు అంతే వేడి. మనవాళ్ళు లోపలా బయటా ఒకే మంటకు అలవాటు పడ్డారన్నమాట!

నారు, కుండీ, నీరు

ఆ ఎండే మొక్కకు కూడా గండం. రోహిణికార్తెలో నారు పోస్తే మొలక మాడిపోతుంది. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడి, వేడి తగ్గాక, అంటే జూన్ చివర నుంచి ఆగస్టు లోపల పోసుకోండి. గింజలను రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున అడుగున చిల్లులున్న పాత తట్టలోనో, పళ్ళెంలోనో మెత్తని మట్టి పోసి, అర సెంటీమీటరు లోతున చల్లి, పలుచగా మట్టి కప్పండి. పైన కాస్త వరిగడ్డి పరచండి. వారం, పది రోజుల్లో మొలక వస్తుంది. మొలక కనిపించగానే గడ్డి తీసెయ్యాలి. చాలామంది ప్రేమకొద్దీ పూటపూటకూ నీళ్ళు పోస్తారు. దానితో నారుకుళ్ళు తగిలి లేత మొక్క మొదట్లో మెత్తబడి వాలిపోతుంది. మట్టి పైన ఆరినట్టు కనిపించాకే చిలకరించండి.

నలభై రోజులకు అయిదారు ఆకులు వేస్తుంది. అప్పుడు కుండీకి ఒక్క మొక్క చొప్పున నాటండి. కుండీ అడుగు వెడల్పు, అడుగు లోతు ఉంటే చాలు. మన నల్లరేగడి ఒక్కటే నింపితే తడికి బంకలా, ఎండకు బండలా అవుతుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చిపేడ వద్దు. ఎరువు మట్టిలో ధనుర్వాత క్రిములు ఉండవచ్చు. చేతికి గాయం ఉంటే కట్టు కట్టుకుని పని చేయండి. ధనుర్వాతం సూది వేయించుకుని పదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోండి.

మనది ఏడాదికి ఏడువందల మిల్లీమీటర్ల వాన చూడటమే గొప్ప అనుకునే సీమ. మొక్కకు మంచినీళ్ళే పోయనక్కర్లేదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు పోయండి. బోరునీళ్ళే పోస్తే కొన్నాళ్ళకు కుండీ మట్టి మీద తెల్లగా ఉప్పు పొక్కుతుంది. వానపడిన రోజు కుండీని బయట పెడితే ఆ ఉప్పు అడుగు చిల్లుల్లోంచి కడుక్కుపోతుంది.

కుండీ కింద పెట్టే పళ్ళెం మాత్రం నా కంటికి శత్రువు. అందులో నిలిచే మంచినీళ్ళలోనే డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పదిరోజులు చాలు. ఆ దోమ పగలు కుడుతుంది. నీళ్ళు పారబోస్తే సరిపోదు. పళ్ళెం అంచుకు అంటుకున్న గుడ్లు నీళ్ళు లేకుండా నెలల తరబడి బతికి, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి. వారానికొకసారి పళ్ళేన్ని పీచుతో రుద్ది కడగండి. కుదరకపోతే పళ్ళెమే తీసెయ్యండి. కుళాయి నీళ్ళు రెండు మూడు రోజులకొకసారి వచ్చే వీధుల్లో డ్రమ్ములు నింపుకుంటారు గనుక వాటికీ గుడ్డ కట్టండి.

పిల్లవాడి సంగతి

మొక్క ఎదిగి, పూత వేసే సమయానికి ఆకు ముడుచుకుంటుంది. మిరప పెంచిన ప్రతివాళ్ళూ ఈ గండం చూస్తారు. ఆకు దోనెలా పైకి ముడిస్తే అది తామరపురుగుల పని. దాన్ని పైముడత అంటారు. కిందికి ముడిస్తే కంటికి ఆనని నల్లి పని, అది కిందిముడత. మొక్క మొత్తం గిడసబారి, ఆకులు చిన్నవై బొబ్బలెక్కితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ తెగులు. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చిపడి తెలుగు రాష్ట్రాల మిరపరైతును కుదేలు చేసింది. పాపం, రైతులు ఒకదాని మీద ఒకటి మందులు కొట్టినా లొంగలేదు. రైతుకు అప్పు ఉంది, కౌలు ఉంది, కొట్టక తప్పలేదు. మీ నాలుగు కుండీలకు ఆ అవసరం లేదు. ఈ తేడా తెలియకే ఆ ఇంట్లో ప్రమాదం జరిగింది.

ఆయన ఒక చిరుద్యోగి. భార్య కూడా ఉద్యోగం చేస్తుంది. నాలుగేళ్ళ బాబు పగలంతా అవ్వ దగ్గర ఉంటాడు. మిరపమొక్కకు ముడత వచ్చిందని ఆయన పురుగుమందుల కొట్టుకు పోయి ఒక ముడిచిన ఆకు చూపించాడు. కొట్టువాడు పెద్ద సీసా మూత తీసి, "నాలుగు మొక్కలకు ఇంత చాలు సార్" అని ఒక ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో నాలుగు గుక్కలంత పోసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి, ఆదివారం కొడదామని వంటింటి అలమరలో కింది అరలో పెట్టాడు. మూత రంగు నారింజ. సీసా మీద కూల్‌డ్రింకు బొమ్మ అలాగే ఉంది. నాలుగేళ్ళవాడికి ఇంకేం కావాలి?

వాడు ఒక్క గుక్కే తాగాడు. చేదుకు ఏడ్చి ఉమ్మేశాడు. అవ్వ వాసన పట్టి భయపడింది. పక్కింటివాళ్ళు వచ్చి ఉప్పునీళ్ళు తాపమన్నారు. ఆ పైన చింతపండు రసం. ఆ పైన ఎవరో మజ్జిగ మంచిదన్నారు. కొడుక్కు ఫోను చేసి, ఆయన వచ్చి, ఆటో మాట్లాడి మా దగ్గరికి తెచ్చేసరికి గంటంబావు అయింది. "కక్కితే పోతాదనుకుంటిమి సార్" అని అవ్వ నేల మీద కూలబడింది.

బాబు నోటివెంట నురగ కారుతోంది. ఒళ్ళంతా చెమట. కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోయాయి. ఊపిరితిత్తుల్లో గురగుర. కాళ్ళకండరాలు చర్మం కింద అదురుతున్నాయి. ఇవన్నీ ఆర్గానో ఫాస్ఫరస్ జాతి మందుల లక్షణాలు. మన నరాలు కండరానికి కబురందించడానికి ఒక రసాయనాన్ని వాడుకుంటాయి. పని అయిపోగానే దాన్ని తుడిచివేసే పదార్థం ఇంకొకటి ఉంటుంది. ఈ విషం ఆ తుడిచేదాన్ని కట్టిపడేస్తుంది. కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. గ్రంథులు స్రవిస్తూనే ఉంటాయి, చివరికి ఊపిరి తీసే కండరం అలసి ఆగిపోతుంది. మేము ఎట్రోపిన్ ఇవ్వడం మొదలుపెట్టాం. ఎంత? ఊపిరితిత్తులు పొడిబారేవరకు, ఇస్తూనే. ఆ రాత్రి ఇద్దరు నర్సులు ఆ మంచం వదలలేదు. వాంతి చేయించబోయినప్పుడు మందు కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది, దానివల్ల న్యుమోనియా వచ్చింది. అసలు విషంకన్న అది ఎక్కువ ఏడిపించింది. తొమ్మిదో రోజున బాబు ఇంటికి వెళ్ళాడు.

అందరూ అలా వెళ్ళలేదు. నా ఉద్యోగకాలంలో ఈ సీసాలు ఎన్ని ప్రాణాలు తీశాయో నాకు తెలుసు.

ఆ సీసాలో ఏ మందు ఉందో ఆ తండ్రికి తెలియదు. పేరు అడగలేదు, కొట్టువాడు చెప్పలేదు. మోనోక్రోటోఫాస్ వంటి మందును కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. అయినా ఏ మందు ఏ మొక్కకో చీటీ చూడనివాడికి నిషేధం ఉండి ఏం లాభం? చిన్న సీసాలో విడిగా పోసి ఇచ్చిన మందును ఎవ్వరి దగ్గరా, ఎంత తెలిసినవాడైనా, పుచ్చుకోవద్దు.

పొరపాటున ఎవరైనా తాగితే ఏం చేయాలో రాసి పెట్టుకోండి. వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్ళు, చింతపండు రసం, పాలు, మజ్జిగ, గుడ్డుసొన ఏదీ పోయకూడదు. ఈ మందులు చాలావరకు కిరోసిన్ వంటి ద్రావకంలో కలిపి ఉంటాయి. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నోట్లో ఉన్నది తడిగుడ్డతో తుడిచెయ్యండి. ఈ విషం చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది గనుక బట్టలు విప్పి, మీ చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, సబ్బుతో ఒళ్ళు కడగండి. మనిషిని ఎడమవైపు ఒత్తిగిల్లి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. సీసా వెంట తెండి. అందులో మిగిలిన చుక్క మాకు సగం వైద్యం.

మరి ముడతకు ఏం చేయాలి?

ఆకు అడుగుభాగం మీద పొద్దున్నే నీళ్ళు గట్టిగా చిమ్మితే తామరపురుగు, నల్లి సగం కొట్టుకుపోతాయి. రెండు మూడు రోజులకొకసారి చేయండి. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బునీరు వేసి సాయంత్రంపూట చల్లండి. పసుపురంగు అట్టముక్కకు ఆముదం పూసి కుండీ పక్కన గుచ్చితే తెల్లదోమ వచ్చి అంటుకుంటుంది. వైరస్ పట్టిన మొక్కకు మాత్రం మందు లేదు. పెరికి అవతల పారేసి, ఇంకో మొక్క నాటుకోండి. నారు పోసేటప్పుడే రెండు మొక్కలు ఎక్కువ ఉంచుకోమనేది ఇందుకే.

వేపనూనె చెట్టునుంచి వచ్చిందే కదా అని అలమరలో అడుగు అరలో పెట్టకండి. పసిపిల్లలకు దగ్గుకని, పురుగులకని చెంచాడు వేపనూనె పోసి, ఫిట్సుతో ఆసుపత్రికి తెచ్చిన సంగతులు వైద్యగ్రంథాల్లో ఉన్నాయి. చెట్టుది కాబట్టి మంచిదే అనుకోవడం మనవాళ్ళకున్న పెద్ద భ్రమ.

మార్చి దాటాక, పగలు 35 డిగ్రీలు మించితే పూత రాలిపోవడం సహజం. తెగులనుకుని మందులకు పరుగెత్తవద్దు. మధ్యాహ్నపు ఎండకు పాత చీర ఒకటి పందిరిలా కట్టండి. మొక్కను సగానికి కత్తిరించి నీడన బతికించుకుంటే, వానలకు మళ్ళీ చిగురించి కాస్తుంది. ఒక మొక్క రెండు మూడేళ్ళు కూడా ఉంటుంది.

నాటిన రెండు, రెండున్నర నెలలకు కాయ కోతకు వస్తుంది. అయిదుగురున్న ఇంటికి అయిదారు మొక్కలుంటే కాపు ఉన్నన్నాళ్ళూ పచ్చిమిరపకాయ కొనే పని చాలావరకు తప్పుతుంది. బజారు కాయ కొన్న రోజున తొడిమతోనే రెండు మూడు నీళ్ళలో బాగా కడిగి, ఆ తర్వాత తొడిమ తీయండి. పైన అంటిన మందు కొంత పోతుంది. మొక్క లోపలికే పాకే మందులుంటాయి, అవి కడిగినా పోవు.

కొన్ని కాయలు చెట్టు మీదే పండనిచ్చి ఎండబెట్టుకుంటే ఏడాదికి కాకపోయినా రెండు మూడు నెలలకు సరిపడా కారం వస్తుంది. నేల మీద కాక మంచం మీదో, శుభ్రమైన గుడ్డ మీదో ఎండబెట్టండి. కాయ ఊపితే గలగలమనాలి. తడి ఉండగా డబ్బాలో పోస్తే బూజు పట్టి, అందులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి శత్రువు. బూజు వాసన వచ్చిన కాయను ఎండబెట్టి మళ్ళీ వాడుకోవద్దు. దంచినా, వేయించినా ఆ విషం పోదు. కొనే కారంపొడిలో సుడాన్ అనే రంగు కలిపిన సంగతి 2003లో ఫ్రాన్సు వాళ్ళు పట్టుకున్నారు. ఆ పొడి మన దేశం నుంచి పోయిందే. 2005లో ఇంగ్లండులో ఆ రంగు కలిసిన సరుకులు కొట్లలోంచి వెనక్కి తీసేశారు. బట్టలకు, మైనానికి వేసే రంగు అది. కాయలు కొని మరపట్టించుకునే పాత అలవాటు ఇంకా ఉన్న ఇళ్ళు దాన్ని మానుకోవద్దు.

ఆ బాబు ఇంటికి పోయాక తండ్రి చేసిన మొదటిపని నాలుగు మొక్కలూ పెరికి వీధిలో పారెయ్యడం. పరీక్షకు వచ్చినప్పుడు ఆ మాట చెప్పి, "ఇంక మిరపచెట్టు మొగం చూడను సార్" అన్నాడు. మొక్క ఏం చేసిందయ్యా అన్నాను. ఆ మరుసటి ఏడు ఆషాఢంలో అవ్వే మళ్ళీ నారు పోసిందట. గింజలు వాళ్ళ ఊరినుంచి తెప్పించుకుంది. ముదురు ఎరుపెక్కిన రెండు కాయలు చెట్టు మీదే ఎండనిచ్చి, గింజలు తీసి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి గుడ్డమూట కట్టి, గాజుసీసాలో దాచిన గింజలు అవి. మీరూ అలాగే దాచుకోండి. సీసా మీద "మిరప విత్తనం" అని, ఏ సంవత్సరానిదో కాగితం అంటించి, పిల్లలకు అందని పై అరలో పెట్టండి.